చుక్కాని ముట్టుకోకుండా నాలుగేళ్లు: హుస్సేన్‌సాగర్‌లో తెరచాపలతోనే పడవ తిప్పిన అనుభవం

చుక్కానిని తిప్పే కర్రని, అంటే టిల్లర్‌ని, మధ్యలోకి తెచ్చి, స్కూటర్ వెనక సామాను కట్టుకునే రబ్బరు తాడుతో రెండు అంచులకీ బిగించేశారు మా కోచ్. "ఇవాళ దీని మీద చెయ్యి వెయ్యొద్దు. తెరచాపలతోనే వెళ్లి, తెరచాపలతోనే రా" అన్నారు. నేనప్పటికి ఎంటర్‌ప్రైజ్ అనే ఇద్దరు నడిపే చిన్న తెరచాప పడవ నేర్చుకుని ఏడాది దాటింది, రేసుల్లో వెనక నుంచి మూడో స్థానం ఖాయం. ఆ పొద్దున పడవ తిరగలేదు గానీ నా తల మాత్రం బాగా తిరిగింది. అరగంట తంటాలు పడి బుద్ధ విగ్రహం వైపు వెళ్లాల్సినవాళ్లం ట్యాంక్‌బండ్ గోడకి దగ్గరపడ్డాం.

అప్పటినుంచి దాదాపు ప్రతి ఆదివారం కొంతసేపైనా ఇదే పని. నాలుగేళ్లయింది కాబట్టి ఇక చెప్పొచ్చు.

సంగతి సులువే. పెద్దదైన మెయిన్ తెరచాప పడవ వెనక భాగాన్ని గాలివాలుకి (గాలి పోయే వైపుకి) నెడుతుంది, అంటే ముక్కు గాలివైపు తిరుగుతుంది. ముందున్న చిన్న తెరచాప, జిబ్, ముక్కుని గాలి నుంచి అవతలికి తోస్తుంది. గాలివైపు ఎక్కాలంటే మెయిన్ షీట్ (తెరచాపని బిగించే తాడు) లాగి జిబ్ వదలాలి, దిగాలంటే మెయిన్ వదిలి జిబ్ బిగించాలి. మూడోది మన బరువు. పడవ గాలివాలు పక్కకి ఒరిగితే ముక్కు గాలిలోకి ఎక్కుతుంది, గాలివైపు ఒరిగితే దిగుతుంది. నా అనుభవంలో ఈ మూడింట్లో బరువే పెద్దన్న. షీట్లతో ఎంత కుస్తీ పట్టినా తిరగని పడవ, నేను ఓ జానెడు లోపలికి జరిగితే తిరిగేది.

కోచ్ ముందు చెప్పనిదీ నేను ఆరు నెలలు చెమటోడ్చి తెలుసుకున్నదీ సెంటర్‌బోర్డ్ సంగతి, అంటే పడవ మధ్యలోంచి నీళ్లలోకి దిగే పలక. తాడు కట్టి టిల్లర్‌ని నిలబెట్టినంత కాలం చుక్కాని పలక నీళ్లలోనే ఉండి పడవని తిన్నగా పట్టుకుంటుంది, కాబట్టి కొత్తవాళ్లకి అదే నయం. చుక్కాని పలకని పూర్తిగా పైకెత్తేస్తే మాత్రం వెనక నీటి పట్టు పోయి, పడవ పిచ్చిదానిలా గాలిలోకి ఎక్కి అక్కడే ఆగిపోతుంది. సెంటర్‌బోర్డ్‌ని మూడో వంతు లేపితే అది వెనక్కి వాలుతుంది, పట్టు మళ్లీ వెనక్కి వస్తుంది. ఆ ఒక్క మార్పుతో మా పడవ బుద్ధిమంతురాలైంది.

అడ్డగాలికి, అంటే గాలి పక్కనుంచి తగిలేటప్పుడు, హాయి. మెయిన్ షీట్ నా కుడిచేతిలో, జిబ్ షీట్ పడవలో నా జంట చేతిలో. మాస్టు పక్కన గుడ్డ చిన్నగా వణకగానే మాటల్లేకుండా ఇద్దరికీ తెలిసిపోతుంది. గాలిని దాటించి తిప్పేటప్పుడు జిబ్‌ని వెంటనే వదలకుండా ఒక క్షణం పాత పక్కనే పట్టి ఉంచాలి, ముక్కు అవతలకి పడేదాకా. "ఆగు, ఆగు... ఇప్పుడు వదులు!" అనే అరుపుకి మా జంట ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది.

గాలివాలున మాత్రం పెద్దగా పనికిరాదు. మెయిన్ ఒక పక్కకి బయటికి చాచుకుని ముక్కుని లాగేస్తుంటే, జిబ్ దాని నీడలో సొమ్మసిల్లి వేలాడుతుంది. మెయిన్ దించేసి జిబ్ ఒక్కదానితో పోవడమే నయం. అడ్డగాలికి పదికి ఎనిమిది ఇస్తే, దీనికి మూడు ఎక్కువ.

జాషువా స్లోకమ్ 1895–98లో 'స్ప్రే' మీద ఒంటరిగా భూమి చుట్టి వచ్చినప్పుడు, థర్స్‌డే ఐలాండ్ నుంచి కీలింగ్ కోకోస్ దాకా 23 రోజుల ప్రయాణంలో చుక్కాని దగ్గర మూడు గంటలకు మించి లేడట. కోచ్ ఇది చెప్పి మమ్మల్ని చులకన చేసేవారు. సర్, ఆయనది పొడవాటి అడుగున్న బరువైన ఓడ, మాది ఇద్దరం అటూ ఇటూ కదిలితే ఊగే నాలుగు మీటర్ల పడవ! పైగా ఆయనకి వీచింది స్థిరమైన వ్యాపారపవనం. మాకేమో భవనాల మధ్య నుంచి వచ్చే గాలి, నిమిషానికోసారి దిక్కు మారుస్తుంది.

ఇంతకీ ఇది అక్కరకొచ్చిందా? ఒక్కసారే. ఓ జులై రేసులో ట్యాంక్‌బండ్ వైపు చుక్కాని కింది కొక్కెం మరలు ఊడి, పలక పక్కకి వేలాడింది. పడమటి గాలి, మేం వెళ్లాల్సింది ఉత్తరానికి, అంటే అడ్డగాలి; అదృష్టం. చుక్కానిని పడవలోకి లాగి, సెంటర్‌బోర్డ్ కాస్త లేపి బయల్దేరాం. రెస్క్యూ బోటు అన్న పక్కనే వచ్చి, "తాడెయ్యాల్నా సార్?" అన్నాడు. వద్దన్నాం. పది నిమిషాల దారికి నలభై నిమిషాలు పట్టింది. చివర్లో గాలి తిరిగి, జెట్టీకి ఇరవై మీటర్ల దూరంలో గుర్రపుడెక్కలో కూరుకుపోయాం. అన్న నవ్వుకుంటూ తాడు విసిరాడు, ఈసారి తీసుకున్నాం. బట్టల వాసన మూడు ఉతుకులకి గానీ పోలేదు.

నాకు అసలు లాభం మాత్రం మామూలు రోజుల్లో కనబడింది. టిల్లర్ మీద చేతికి లాగుడు తగిలిందంటే చుక్కాని పలక నీళ్లని అడ్డంగా చీల్చుతూ పడవకి బ్రేకు వేస్తోందన్నమాట. ఇప్పుడు లాగుడు తగలగానే ముందు మెయిన్ రెండు అంగుళాలు వదులుతాను, పడవ నిటారుగా ఉందా చూస్తాను. వెనక నుంచి మూడో స్థానం పోయి మధ్యలో తేలుతున్నాం.

కొనాల్సింది రబ్బరు తాడొక్కటే, 60 రూపాయలు. హైదరాబాద్ ఎండకి ఏడాదిలో పిగిలిపోతుంది. నాలుగోది మొన్న కొన్నాను.