రికెట్స్ గ్లెన్‌లో టెంటు వేసుకుంటే

వేసవిలో న్యూజెర్సీ నుంచి చాలామంది మనవాళ్లు పెన్సిల్వేనియాలోని రికెట్స్ గ్లెన్ స్టేట్ పార్కుకు పొద్దున బయల్దేరి, జలపాతాలు చూసుకుని, రాత్రికి ఇల్లు చేరిపోతుంటారు. మూడు గంటల లోపు డ్రైవే కదా అని. నన్నడిగితే మాత్రం అక్కడ ఒక్క రాత్రయినా ఉండాలి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉన్నప్పుడైతే తప్పకుండా ఉండాలి.

శనివారం పదకొండింటికి చేరితే ముందు పార్కింగ్ టెన్షన్. తర్వాత ఇద్దరు పక్కపక్కన నడవలేని కాలిబాటలో ఎదురొచ్చేవాళ్లకు దారి ఇవ్వడంతోనే సరిపోతుంది. క్యాంప్‌గ్రౌండ్‌లో పడుకుని ఏడింటికల్లా బాట ఎక్కితే నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు.

ఇక్కడ పేరున్న జలపాతాలే 22. అన్నిటికన్నా ఎత్తైనది గనోగా, 94 అడుగులు. తలకోన చూసిన కళ్లకు అది పెద్ద ఎత్తు అనిపించకపోవచ్చు. కానీ ఇక్కడి అందం ఎత్తులో లేదు. ఒకటి దాటి మలుపు తిరిగేసరికి ఇంకొకటి, ఆ కిందే మరొకటి. గనోగా ముందు కాసేపు నిలబడి చూడండి. రాయి పొరలు పొరలుగా ఉంటుంది, నీళ్లు ఒక్కసారిగా దూకవు. ఒక్కో అంచు మీద పలచగా పరుచుకుని, తెల్లగా చిట్లి, కింది అంచు మీదికి జారతాయి. ఎండ ఇంకా లోయలోకి దిగని వేళ రాళ్ల మీద నాచు నల్లగా కనిపిస్తుంది. వెలుతురు తగలగానే అదే నాచు లేత ఆకుపచ్చకు తిరుగుతుంది.

ఈ అడవంతా ఒకప్పుడు కర్నల్ రికెట్స్‌ది. అమెరికా అంతర్యుద్ధంలో, గెటిస్‌బర్గ్ పోరులో ఫిరంగి దళాన్ని నడిపిన మనిషి, తర్వాత కలప వ్యాపారి. చుట్టుపక్కల వేల ఎకరాలు నరికించినా ఈ లోయల జోలికి మాత్రం వెళ్లనివ్వలేదు. 1889 నుంచి 1893 దాకా మనుషుల్ని పెట్టి రాతిమెట్లు వేయించాడు. ఈనాటికీ మనం నడిచేది ఆయన వేయించిన దారిలోనే. 1944లో ఇది స్టేట్ పార్కుగా తెరుచుకుంది.

మొత్తం చుట్టు 7.2 మైళ్లు. పిల్లలుంటే అంత వద్దు. పైభాగంలోని 3.2 మైళ్ల చుట్టులోనే చాలా జలపాతాలు కనిపిస్తాయి. ఆగి ఆగి నడిస్తే మూడు గంటలు పడుతుంది. మెట్లు ఎప్పుడూ తడిగానే ఉంటాయి, చాలాచోట్ల పట్టుకోవడానికి ఏమీ ఉండదు. గ్లెన్ లీ అనే లోయ వైపు మరీ నిటారు. చెప్పులతో వచ్చేవాళ్లను చూస్తే నాకు గుండె ఝల్లుమంటుంది. అడుగున పట్టున్న బూట్లు లేకపోతే ఈ దారి వద్దు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను ఆ మెట్ల మీదికి అస్సలు తీసుకెళ్లకండి. వాళ్లకు కింద 118వ నంబరు రోడ్డు పక్కనే ఆడమ్స్ జలపాతం ఉంది, 36 అడుగులది. పార్కింగ్ నుంచి నాలుగడుగులే. అక్కడి ఎవర్‌గ్రీన్ ట్రయల్ మైలు దూరం, నింపాదిగా నడవొచ్చు. మూడొందల ఏళ్లు దాటిన హెమ్లాక్ అనే సూదాకుల చెట్లు ఉన్నాయక్కడ. మామయ్యగారు ఒకదాని మొదలు మీద చెయ్యి వేసి, పైకి చూస్తూ చాలాసేపు అలాగే ఉండిపోయారు. కొమ్మ తిప్పి చూస్తే కొన్నిచోట్ల ఆకుల అడుగున తెల్లటి దూది ఉండల్లాంటివి కనిపిస్తాయి. అది హెమ్లాక్‌ల రసం పీల్చే పురుగు. ఇన్ని వందల ఏళ్లు నిలిచిన చెట్లను ఇంత చిన్న పురుగు ఎండగడుతోందంటే కడుపు తరుక్కుపోతుంది.

ఇక బస సంగతి. పైన జీన్ సరస్సు దగ్గర టెంట్లకు, ట్రెయిలర్లకు కలిపి 120 స్థలాలున్నాయి. నీటి వైపు దొరికితే అదృష్టమే. వేడినీళ్ల షవర్లు, ఫ్లష్ టాయిలెట్లు ఉన్నాయి కాబట్టి ఆడవాళ్లకు ఆ ఇబ్బంది లేదు. అత్తయ్యగారి లాంటివాళ్లు నేల మీద పడుకోలేరనుకుంటే వంటగది, బాత్రూమ్‌తో పది క్యాబిన్లున్నాయి, కానీ వాటికి పోటీ ఎక్కువ. బుకింగ్ 11 నెలల ముందే తెరుస్తారు. పార్కు ప్రవేశానికి డబ్బులు తీసుకోరు. క్యాంపింగ్ రుసుం మాత్రం బయటి రాష్ట్రాలవాళ్లకు కాస్త ఎక్కువ.

సరస్సులో ఈత కొట్టొచ్చు, చిన్న పడవలు నడపొచ్చు. పెట్రోలు మోటారు బోట్లకు అనుమతి లేదు, అందుకే సాయంత్రం అంత ప్రశాంతంగా ఉంటుంది. రాత్రి తొమ్మిది దాటాక గోల చేయకూడదు, మద్యం నిషేధం. కుటుంబాలతో వెళ్లేవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి!

పులిహోర, దద్దోజనం మొదటి పూటకు చాలు. తర్వాత ప్రొపేన్ పొయ్యి మీద ఉప్మా, నిప్పుల మీద మొక్కజొన్న పొత్తులు, నిమ్మకాయ, ఉప్పూకారం. తిన్నాక పచ్చడి సీసాతో సహా అన్నీ కారులో పెట్టి తాళం వేయాల్సిందే, ఎలుగుబంట్లు తిరిగే అడవి ఇది. కట్టెలు ఇంటి నుంచి మోసుకెళ్లకండి, వాటితోపాటు చెట్లను తినే పురుగులు వస్తాయి. పార్కు దగ్గర్లోనే కొనుక్కోండి. సరుకులు మాత్రం దారిలో పెద్ద ఊళ్లోనే తీసేసుకోవాలి. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకుండా మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

దూరం తగ్గాలంటే హికరీ రన్ స్టేట్ పార్కు ఉంది. అక్కడ కనుచూపు మేర పరుచుకున్న బండరాళ్ల మైదానం పిల్లలకు భలే నచ్చుతుంది. ఒక్కరోజులో వచ్చేయాలంటే నేను అక్కడికే వెళ్లమంటాను. రాత్రి ఉండగలిగితే మాత్రం రికెట్స్ గ్లెన్‌కే నా ఓటు, అదీ వారం మధ్యలో. ట్రెయిలర్ లాక్కెళ్తుంటే రెడ్ రాక్ దగ్గర 487వ నంబరు రోడ్డు ఎక్కకండి. ఆ ఎత్తు చాలా నిటారు. కాస్త చుట్టయినా ఉత్తరం వైపు డుషోర్ మీదుగా రండి.