పేమెంట్ లింకుతో దర్రీలు అమ్ముతున్నా: పైసలు రావడం బాగుంది, డిస్ప్యూట్ పడితేనే అసలు కథ

లింకు ఎట్లా పంపాలి, కేవైసీకి ఏమేం అడుగుతారు, కమీషన్ ఎంత పడుతుంది, ఇవన్నీ యూట్యూబ్‌లో బోలెడు దొరుకుతాయి. నేను వాటి జోలికి పోను. ఈ గేట్‌వే, అంటే లింకు మీద పైసలు వసూలు చేసి మన అకౌంట్లో వేసే యాప్ మీద నాకున్న కోపమంతా ఒక్క డిస్ప్యూట్ పేజీ మీదనే. కొన్నవాళ్లు ఫిర్యాదు చేస్తే మనం జవాబివ్వాల్సిన పేజీ అది, దాని గురించే రాస్తా.

మాది వరంగల్ కొత్తవాడ. నేసేది ఇంట్లో పెద్దవాళ్లు, ఫొటోలు తీసి ఫోన్ మీద అమ్మేది నేను. పుణె నుంచి ఒక మేడం రెండు పెద్ద దర్రీలు తీసుకుని క్రెడిట్ కార్డుతో 11,800 కట్టింది. మర్నాడే అకౌంట్లో పడ్డాయి. పార్సిల్ ముట్టినంక ఆమె వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టింది. సోఫా ముందు మా ఎర్ర దర్రీ పరిచి ఉంది, మేం కుట్టి పంపిన గోనె గుడ్డ ఇంకా పక్కనే నేల మీద పడి ఉంది. కింద హిందీలో "ఎరుపు ఇంత ముదురుగా ఉంటుందనుకోలేదు" అని రాసింది. వాపస్ పంపండి మేడం, ముట్టగానే పైసలు వేస్తా అన్నా. నీలం టిక్కులు పడ్డాయి గానీ జవాబు రాలేదు. సర్దుకుందేమో అనుకుని నా పనిలో నేను పడ్డా.

చాలా రోజుల తర్వాత ఒకసారి సెటిల్‌మెంట్, అంటే గేట్‌వే మన అకౌంట్లో వేసే మొత్తం, బాగా తక్కువ పడింది. లోపలికి పోయి చూస్తే ఆ 11,800 పట్టుకుని ఉన్నారు. చార్జ్‌బ్యాక్ అట. ఆమె బ్యాంకుకు ఫిర్యాదు చేసింది, బ్యాంకు గేట్‌వేను అడిగింది, గేట్‌వే నన్ను అడగకముందే కోసేసింది. పది రూపాయలు వచ్చినా టింగుమనే యాప్, ఇంత పెద్ద మొత్తం పోతుంటే నోరు మెదపలేదు. ఒక్క మెయిల్ పంపింది, అదీ పండగ ఆఫర్ల మెయిళ్ల మధ్యలో. నా కంటపడేసరికి జవాబిచ్చే గడువులో సగం అయిపోయింది. కార్డు కంపెనీల రూల్స్ ప్రకారం కొన్నవాళ్లు చాలా రకాల ఫిర్యాదులకు 120 రోజుల దాకా ఆగొచ్చు. అమ్మినవాళ్లకు ఈ పేజీ ఇచ్చింది మాత్రం వారమే.

కారణం దగ్గర ఏముందో చూస్తే "వస్తువు అందలేదు"! రంగు నచ్చలేదని నాకు రాసిన మనిషి బ్యాంకుకు అందలేదని చెప్పింది. కావాలనే రాసిందని అనను, బ్యాంకు ఫారంలో ఏ గడి నొక్కిందో ఏమో.

నేనైతే చెప్పాల్సిందంతా రాసి పెట్టా. చేత్తో అద్దిన రంగు ఫొటోలో ఒకలా, ఇంట్లో ఒకలా ఎందుకు కనిపిస్తుంది, వరంగల్ దర్రీలకు 2018లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు) ఎట్లా వచ్చింది, అన్నీ అందులో ఉన్నాయి. హన్మకొండలో ఆడిటర్ దగ్గర పనిచేసే మా మేనల్లుడు అది చూసి నవ్విండు. "గీ కథంతా ఎందుకత్తా? వాళ్లడిగింది ఒక్కటే, ముట్టిందా లేదా. గది సూపెట్టు సాలు."

కొరియర్ వాళ్ల డెలివరీ కాగితం మీద సంతకమని ఒక గీత ఉంది, అది ఎవరిదైనా కావచ్చు. మమ్మల్ని ఆదుకుంది ఆమె పంపిన ఫొటోనే. లింకులో పైసలు కట్టేటప్పుడు ఇచ్చిన మొబైల్ నంబరూ, ఆ ఫొటో వచ్చిన వాట్సాప్ నంబరూ ఒక్కటే. బిల్లు, పేమెంట్ వివరాలు, ట్రాకింగ్, నంబరూ తేదీ కనిపించేలా చాట్, ఆ ఫొటో, అన్నీ వరుసగా ఒకే పీడీఎఫ్ చేశాం. హిందీ మెసేజ్ కింద ఇంగ్లిష్‌లో ఒక్క వాక్యం రాశాం. రంగు ముచ్చట ఎత్తనే లేదు, వాపస్ తీసుకుంటానన్న నా మెసేజ్ మాత్రం ఉంచాం. అప్‌లోడ్ చేసినంక అదే పేజీలో "పరిశీలనలో ఉంది" అన్న ముక్క తప్ప వారాల తరబడి ఏమీ మారలేదు. గేట్‌వే హెల్ప్ చాట్‌లో అడిగిన ప్రతిసారీ మన ఓపికకు థ్యాంక్స్ చెప్పేది.

చివరికి డబ్బు మొత్తం వాపస్ వచ్చింది, అది ఒప్పుకోవాలె. ఆ నెల నూలు మాత్రం అప్పు మీదే తెచ్చుకున్నాం.

మొదట్లో ఈ యాప్‌ను మా వాడకట్టులో నలుగురితో పెట్టించింది నేనే. సెటిల్‌మెంట్ టైముకు పడుతుందని చెప్పిన మాట మీద ఇప్పటికీ ఉన్నా. కార్డు పేమెంట్ అయితే మూడు నాలుగు నెలల దాకా ఆ పైసలను పూర్తిగా మనవనుకోవద్దని ఇప్పుడు దానికి కలిపి చెప్తున్నా.

ఇప్పుడు పెద్ద దర్రీలు స్పీడ్ పోస్టులో ఓటీపీ డెలివరీ పెట్టి పంపుతున్నా. 2025 అక్టోబర్ నుంచి ఐదు రూపాయలు, దాని మీద జీఎస్టీ కడితే చాలు, తీసుకునేవాళ్లు ఫోన్‌కొచ్చిన ఓటీపీ చెప్తేనే పోస్ట్‌మ్యాన్ పార్సిల్ చేతికిస్తాడు. ఆ గీత సంతకం కంటే ఇది వెయ్యి రెట్లు నయం. ముట్టినంక "మేడం, ఎట్లా ఉంది, ఒక ఫొటో పెట్టండి" అని అడగడం కూడా అలవాటైంది. అడిగితే దాదాపు అందరూ సంతోషంగానే పెడతారు.

ఈ గేట్‌వే తీసుకోవచ్చా అంటే, నాకైతే నడుస్తోంది. అమ్మేది తక్కువ పీసులు, ఒక్కోటి వేలల్లో, కూర్చుని కాగితాలు కుట్టే మేనల్లుడున్నాడు. మూడు వందల సరుకు అమ్మేవాళ్లు ఒక్కో డిస్ప్యూట్‌కు ఇంత కష్టపడితే గిట్టదు, వదిలేసుకోవడమే. కరీంనగర్‌లో వెండి ఫిలిగ్రీ (సన్న వెండి తీగల పని) అమ్మే మా చుట్టాలడిగితే, కార్డు ఆప్షన్ తీసేసి యూపీఐ ఒక్కటే ఉంచుకొమ్మన్నా. యూపీఐలో డిస్ప్యూట్లు ఉండవని కాదు, నాకైతే ఇంతవరకు పడలేదు. వాళ్ల దగ్గర ఒక్క పీసు పైసలు ఆగినా తర్వాతి పీసుకు వెండి కొనలేరు.