మా డీటీపీ షాపులో వైన్: పాత ఫైళ్లకి భేష్, తెలుగు టైపింగ్‌కి మాత్రం తిప్పలు

అనంతపురం పాతూరులో మాది చిన్న డీటీపీ షాపు. పెండ్లి పత్రికలు, కరపత్రాలు, ఇవే మా పని. సిస్టమ్ పాతది, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపాయ, 11 వేద్దామంటే టీపీఎం 2.0 (భద్రత కోసం ఉండే చిప్పు) లేదని వద్దంటాది, కొత్తది కొంటే ఈ ముహూర్తాల సంపాదనంతా దానికే పోతాది, అందుకని విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, దాంట్లో వైన్ పెట్టి, పత్రికలు డిజైన్ చేసే పాత విండోస్ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7 నడిపిస్తాండా. మూడు నెలలాయ.

వైన్ అంటే మీరనుకునేది కాదులేప్పా. విండోస్ సాఫ్ట్‌వేర్ అడిగేవన్నీ లైనక్స్‌కి అర్థమయ్యేట్టు మార్చి చెప్పేది, విండోస్ అక్కర్లేదు, రూపాయి ఖర్చు లేదు. (పేజ్‌మేకర్ లైసెన్స్ మాత్రం మీదే ఉండాల, అది ఫ్రీ కాదు.) 1993లో మొదలుపెడితే 1.0 వచ్చింది 2008లో, పదిహేనేండ్లు! కమాండ్లు కొట్టడం రాకపోతే బాటిల్స్ అని ఇంకొకటుంది, ఒక్కో సాఫ్ట్‌వేర్‌ని ఒక్కో బాటిల్‌లో పెట్టుకోవచ్చు, ఒకటి చెడిపోతే ఆ బాటిల్ పారేస్తే సరి.

మొదటి రోజు ఒక పాత పెండ్లి పత్రిక తెరిస్తే గుండె జారిపాయ. శ్రీరస్తు ఉండాల్సిన చోట ఏవో ఇంగ్లీషు అక్షరాలు, నెత్తిన కొమ్ములు, చుక్కలు. ఏం లేదు, మన పాత తెలుగు ఫాంట్లు యూనికోడ్ (ఇప్పుడు ఫోన్లలో, నెట్‌లో అంతా వాడే పద్ధతి) కాదు కదా, ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు బొమ్మలు పెట్టినవి, ఆ ఫాంట్ లేకపోతే అట్లే కనిపిస్తాది. ఆ ఫాంట్‌ని వైన్ పెట్టుకునే డ్రైవ్ సీ ఫోల్డర్‌లో విండోస్ లోపల ఫాంట్స్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి మళ్లీ తెరిస్తే ఒత్తులతో సహా చక్కగా వచ్చేసింది. ప్రింటర్‌కి కూడా బాధ లేదు, లైనక్స్‌లో పని చేసే ప్రింటర్ అయితే వైన్‌లోనూ కనబడతాది.

దెబ్బ తిన్నది టైపింగ్ దగ్గరే. మేం వాడే తెలుగు కీబోర్డ్ సాఫ్ట్‌వేర్‌కి డాంగిల్ (తాళం చెవి లెక్క సిస్టమ్‌కి గుచ్చే పుల్ల, అది లేకపోతే సాఫ్ట్‌వేర్ నడవదు) ఉంటాది, దాన్ని వైన్ గుర్తే పట్టలే. రెండు రాత్రులు కూచున్నా, టీలు అయినాయి గానీ పని కాలే. డాంగిల్‌కి దాని సొంత డ్రైవర్ కావాల, విండోస్ డ్రైవర్లు వైన్‌లో నడవవు, కాబట్టి డాంగిల్‌తో ఉన్నోళ్లు ముందే ఆశ వదులుకోండి.

ఇప్పుడు ఏం చేస్తాండానంటే, పాత పత్రికలో పేర్లు, తేదీ మార్చాల్సి వస్తే యూనికోడ్‌లో కొట్టి, కన్వర్టర్‌తో పాత ఫాంట్‌లోకి మార్చి పేజ్‌మేకర్‌లో అతికిస్తాండా. ఒకే పనికి రెండింతల శ్రమ, ఏం చేస్తాం. కొత్త పత్రిక అయితే నేరుగా స్క్రైబస్ 1.6 (లైనక్స్‌లోనే నడిచే, పేజ్‌మేకర్ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్), అది తెలుగు ఒత్తులు బాగా పెడతాది, లైనక్స్‌లో తెలుగు టైపింగ్‌కి వాడే ఐబస్‌లో మాకు అలవాటైన యాపిల్ కీబోర్డ్ లేఅవుట్ కూడా ఉంది కాబట్టి వేళ్లకి కొత్త నేర్పక్కర్లే. మొన్న బుక్కరాయసముద్రం ఆయన గృహప్రవేశం కార్డు దాంట్లోనే చేసి ఇచ్చినా. బార్డర్లు మాత్రం ఇంకా పాత సీడీలో నుంచే లాగుతాండా, అంత మంచి మామిడాకుల తోరణం ఇంకెక్కడా దొరకలే.