నా గొడుగు మొరిగింది: బొమ్మల పుస్తకాన్ని సినిమా స్క్రిప్టు చేసిస్తామనే పేజీతో జాగ్రత్త

కోపం తగ్గాక నెమ్మదిగా రాద్దామనుకున్నాను. మూడు రోజులైంది, తగ్గట్లేదు. అందుకే ఇప్పుడే రాసేస్తున్నా, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

పేజీ పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. పసుపు రంగు లోగో, ఆదివారం సాయంత్రం లైవు, పేజీ నడిపే ఆయన వెనకాల షెల్ఫు నిండా అట్టలు మనకి కనబడేలా పేర్చిన ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు, "మీ పిల్లల పుస్తకం 30 రోజుల్లో ఫుల్ లెంగ్త్ సినిమా స్క్రిప్టు" అని కింద పరిగెత్తే అక్షరాలు. పిల్లలకి రాసేవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు, ఆఖరికి కొనేవాళ్లు కూడా ఈపాటికి ఒక్కసారైనా చూసే ఉంటారు. ఆ, వాళ్లే.

నా సంగతి గబగబా చెప్పేస్తా. రెండేళ్ల క్రితం నేనే రాసి నేనే బొమ్మలు వేసి ఒక పుస్తకం అచ్చు వేయించుకున్నా. 24 పేజీలు, మొత్తం కలిపి 212 మాటలు. బుజ్జి అనే పిల్ల, వాళ్ల అమ్మమ్మ వదిలేసి వెళ్లిన నల్ల గొడుగు. వాన వెలిసినా ఆ గొడుగు ముడుచుకోదు. బస్సులో ముడుచుకోదు, బళ్లో ముడుచుకోదు, రాత్రి మంచం మీద కూడా తెరుచుకునే పడుకుంటుంది. చివరి పేజీలో అమ్మమ్మ ఊరి నుంచి తిరిగొచ్చి గుమ్మంలో చెప్పులు విప్పగానే తనంతట తనే ముడుచుకుంటుంది. అంతే కథ. 500 కాపీలు వేస్తే 300 పైన పోయాయి, మిగతావి మా మంచం కింద ఉన్నాయి.

లైవులో ఆయన మారిస్ సెండాక్ పుస్తకం చూపించాడు, "వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్", రాకాసుల దగ్గరికి వెళ్లే పిల్లాడి కథ. 1963లో వచ్చింది, మొత్తం 338 మాటలు, 2009లో స్పైక్ జోన్జ్ దాన్ని గంటా నలభై నిమిషాల సినిమా తీశాడు. ఇవన్నీ నిజాలే. తర్వాత కెమెరాలోకి చూసి, "338 మాటలు సినిమా అయినప్పుడు మీవి ఎందుకు కాకూడదు?" అన్నాడు. నన్నే చూసి అన్నట్టు అనిపించింది. 338కీ 212కీ ఎంతో తేడా లేదు కదా అని లెక్క కూడా వేసుకున్నా. నాలాంటి తెలివైనవాళ్లకి లెక్కలు ఎప్పుడూ సరిగ్గానే వస్తాయి.

ముందు 20,000, స్క్రిప్టు రెడీ అయ్యాక 25,000 కడితే ఫైలు పంపుతారు. చీటీ డబ్బులు. ఫ్రిజ్ కొందామని పాడుకున్న చీటీ. ఆ పాత ఫ్రిజ్ తలుపుకి ఇప్పటికీ తాడు కట్టే వాడుతున్నాం, మా అత్తయ్యగారు దాన్ని విప్పినప్పుడల్లా నా వైపు ఒక చూపు చూస్తారు.

30 రోజులన్నది 70 అయ్యాయి, అది కూడా వదిలేద్దాం. పోయిన గురువారం ఫైలు వచ్చింది. 96 పేజీలు. సినిమా స్క్రిప్టులో పేజీకి సుమారు ఒక నిమిషం అంటారు కాబట్టి 96 నిమిషాలన్నమాట, మా ఆయనకి గర్వంగా చెప్పాను కూడా. వంట చేస్తూ ఫోన్లో చదవడం మొదలుపెట్టా. మొదటి 9 పేజీల్లో నా పుస్తకం మొత్తం అయిపోయింది. బస్సు, బడి, మంచం, అన్నీ. అమ్మమ్మ కూడా 9వ పేజీలోనే వచ్చేసింది. అయ్యో, ఇంక మిగతా 87 పేజీలు ఏం జరుగుతుందబ్బా అని ఆత్రంగా వేలు జరుపుతూ వెళ్లా.

37వ పేజీ. "గొడుగుపిల్ల తోక ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చి బుజ్జి ఒళ్లోకి దూకింది."

గొడుగుపిల్ల.

నేనేమనుకున్నానో తెలుసా? ముచ్చటగా ఉందే అనుకున్నా. చిన్న గొడుగు కాబట్టి గొడుగుపిల్ల అన్నారేమో, తోక అంటే పిడి దగ్గర వేలాడే దారమేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. అంత పిచ్చిదాన్ని. 38వ పేజీలో గొడుగు మొరిగింది. 41వ పేజీలో పశువుల ఆసుపత్రి, డాక్టరుగారు గొడుగు నోరు తెరిచి పళ్లు చూసి సూది వేసి, రెండు రోజులు పెరుగన్నం మాత్రమే పెట్టండి అన్నాడు. 52లో వీధి గొడుగులన్నీ కలిసి మన గొడుగుని తరిమాయి. 58లో గొడుగు తప్పిపోయింది, బుజ్జి కరెంటు స్తంభాలకి కాగితాలు అంటిస్తుంది: మూడు నెలల గొడుగు, గోధుమరంగు, చెవులు వేలాడుతుంటాయి, ఆచూకీ చెప్పినవారికి బహుమానం. 63లో బుజ్జి బాబాయి విసుక్కుంటూ "గొడుగు తోక వంకర" అంటాడు. అక్కడ నేను గరిటె కింద పెట్టేశాను.

అర్థమైంది కదా. ఎవరిదో కుక్కపిల్ల కథ తీసుకుని, "కుక్క" అన్న ప్రతిచోటా "గొడుగు" అని ఒక్క బటన్ నొక్కి మార్చేశారు. నా 9 పేజీలు ముందు అతికించారు. 71వ పేజీలో మాత్రం బుజ్జి "టామీ! టామీ!" అని ఏడుస్తుంది, అది మార్చడం మర్చిపోయినట్టున్నారు.

ఇప్పటిదాకా చెప్పింది డబ్బు పోయిన సంగతి. డబ్బు పోతే పోయింది, అసలు నాకు మండింది తర్వాత ఫోన్లో జరిగినదానికి. ఏడున్నరకి ఆ లైవు ఆయనకే చేశా, చేతికి పిండి ఉందని స్పీకర్లో పెట్టా. పక్కన మా పెద్దాడు హోంవర్క్ చేసుకుంటున్నాడు, అత్తయ్యగారు టీవీ సౌండు తగ్గించి మరీ వింటున్నారు.

"సార్, 38వ పేజీలో గొడుగు మొరుగుతోంది సార్" అన్నా.

"అవును మేడమ్. బాగా వచ్చింది కదా ఆ సీను."

"గొడుగు ఎలా మొరుగుతుంది సార్?"

"ఇది ఫాంటసీ మేడమ్. మీ పుస్తకంలో గొడుగు ముడుచుకోదు, అది లాజిక్కా? మీరు రాస్తే ఫాంటసీ, మేం రాస్తే తప్పా?"

ఒక్క క్షణం నాకు జవాబు దొరకలేదు, నిజం చెప్తున్నా. అదీ నిజమే కదా అనిపించింది, దానికి నన్ను నేను ఇంకా తిట్టుకుంటున్నా. తేరుకుని "మరి టామీ ఎవరు సార్?" అన్నా. అటు నుంచి మాట లేదు. టకటకా కీబోర్డు చప్పుడు వినబడింది, వెతుక్కుంటున్నాడు పాపం. తర్వాత గొంతు మారిపోయింది.

"చూడండి మేడమ్, మీరు మాకిచ్చింది రెండొందల మాటలు. మా ఇంట్లో సరుకుల చీటీ అంతకన్నా పొడుగుంటుంది. 96 పేజీలు నింపింది మేము. థాంక్స్ చెప్పాల్సింది పోయి పేజీ నెంబర్లు చదువుతున్నారు."

సరుకుల చీటీ.

ఆ 212 మాటలకి నాకు నాలుగు నెలలు పట్టింది. "ముడుచుకోదు" అనాలా "మూసుకోదు" అనాలా అని పది రోజులు తేల్చుకోలేకపోయాను. మూసుకునేది తలుపు, ముడుచుకునేది అత్తిపత్తి ఆకు, అలిగిన పిల్ల. గొడుగు అలిగినట్టు ఉండాలి కాబట్టి ముడుచుకోదు అనే రాశా. 17వ పేజీలో అసలు మాటే లేదు, చీకట్లో మంచం మీద తెరుచుకున్న గొడుగు, దాని కింద పిల్ల కాళ్లు, అంతే. ఆ పేజీ దగ్గర చదివే అమ్మలు ఆగిపోతారు, పిల్లలే మాట్లాడతారు. లైవులో ఇదే మనిషి ఆ పేజీ చూపించి "వాహ్, సైలెన్స్ చూడండి" అన్నాడు. డబ్బు పడ్డాక సైలెన్సు సరుకుల చీటీ అయిపోయింది.

మా పెద్దాడు "అమ్మా, కట్ చెయ్" అని అరిచాడు. నేనేం చేశానో తెలుసా? "సరే సార్, ఉంటాను సార్" అని పెట్టేశా. అన్ని మాటలన్న మనిషికి రెండుసార్లు సార్ అన్నా. రాత్రి నిద్రపట్టలేదు, అప్పుడు గుర్తొచ్చాయి అనాల్సిన మాటలన్నీ, ఎప్పటిలాగే.

నిద్ర పట్టక అసలు ఇలాంటి సినిమాలు ఎలా తీశారో చూస్తూ కూర్చున్నా. ఈ పని 45,000 కట్టకముందు చేసి ఉంటే ఈ పోస్టే ఉండేది కాదు, తెలుసు, మీరు అనక్కర్లేదు. జుమాంజీ ఉంది కదా, క్రిస్ వాన్ ఆల్స్‌బర్గ్ పుస్తకం, 1981. అందులో ఇద్దరు పిల్లలకి పార్కులో ఒక ఆట పెట్టె దొరుకుతుంది, ఇంటికి తెచ్చి ఆడతారు, ఇల్లంతా సింహాలు, కోతులు, అమ్మానాన్న వచ్చేలోపు ఆట ముగుస్తుంది. అంతే. 1995 సినిమాలో రాబిన్ విలియమ్స్ వేసిన ఆలన్, ఆ ఆటలో ఇరుక్కుని 26 ఏళ్లకి బయటికొచ్చేవాడు, పుస్తకంలో ఎక్కడా లేడు! సినిమా మొత్తం అతని మీదే నిలబడింది. ఆకాశం నుంచి తిండి కురిసే పుస్తకం, క్లౌడీ విత్ ఎ ఛాన్స్ ఆఫ్ మీట్‌బాల్స్, 1978ది, తాతయ్య రాత్రిపూట చెప్పే కథ. తిండి ఎందుకు కురుస్తుందో పుస్తకం చెప్పదు, పిల్లలూ అడగరు. 2009 సినిమావాళ్లు అడిగారు, అక్కడి నుంచే ఆ మిషను కనిపెట్టే కుర్రాడు పుట్టాడు, వాడి మాట అర్థం కాని నాన్న పుట్టాడు. సెండాక్ పుస్తకంలో రాకాసులకి పేర్లే ఉండవు. సినిమాలో పేర్లొచ్చాయి, ఒక్కొక్కరికి ఒక్కో అలకా వచ్చింది, పిల్లాడింట్లో నాన్న లేని లోటు వచ్చింది. దానికి సెండాకే ఒక నిర్మాత.

అంటే వీళ్లెవరూ పిండిలో నీళ్లు పోసి దోసె పెద్దది చేయలేదు. పుస్తకం చెప్పకుండా వదిలేసిన ఒక ఎందుకు పట్టుకుని దాంట్లోంచి మనుషుల్ని తీశారు. అందరికీ కుదురుతుందని కాదు. పిల్లల రచయిత డాక్టర్ స్యూస్ రాసిన, క్రిస్మస్ అంటే గిట్టని గ్రించ్ అనేవాడి కథని 1966లో టీవీకి 26 నిమిషాల్లో చక్కగా చెప్పేశారు, 2000లో పెద్ద సినిమాకి మాత్రం వాడి చిన్నతనం అంతా కొత్తగా అల్లాల్సి వచ్చింది. 2003లో ఆయనదే క్యాట్ ఇన్ ద హ్యాట్ తీస్తే, అది చూశాక ఆయన భార్య ఇక మనుషులు నటించే సినిమాలకి మా పుస్తకాలు ఇవ్వను అన్నారు. కోట్లు పెట్టినవాళ్లకే బెడిసికొట్టింది. కానీ వాళ్లెవరూ పిల్లిని తీసేసి పక్కింటి కుక్కని పెట్టలేదండీ.

నా గొడుగు ఎందుకు ముడుచుకోవట్లేదు? 70 రోజుల్లో ఒక్కరు, ఒక్కసారి ఆ మాట అడగలేదు. అమ్మమ్మ ఎందుకు వెళ్లింది, ఎవరి మీద అలిగి వెళ్లింది, గొడుగు ఎందుకు వదిలేసింది, వానలో గొడుగు లేకుండా ఎలా వెళ్లింది. అడిగి ఉంటే నేనే చెప్పేదాన్ని, సగం సినిమా అక్కడే ఉంది. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఇంకో చీటీ పాడి అయినా ఇచ్చేదాన్నేమో, ఏం చెప్తాం నా సంగతి.

ఇంకొకటి, ఇది కూడా చూడండి. స్క్రిప్టుతో పాటు ఒక ఒప్పందం కాగితం పంపారు, సంతకం పెట్టి స్కాన్ చేసి పంపమని, అలా పంపితేనే 60,000కి "ఓటీటీ పిచ్ ప్యాకేజీ" ఇస్తారట. 11వ పాయింటులో చిన్న అక్షరాల్లో, ఈ పుస్తకం ఆధారంగా వచ్చే ఏ దృశ్యరూపానికైనా హక్కులు వాళ్లవేనని ఉంది. మొరిగే గొడుగు ఇచ్చి నా అసలు గొడుగు పట్టుకుపోతారన్నమాట. ఎదురింటి లాయరుగారికి చూపిస్తే ఆయన ముందు 41వ పేజీ చదివి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, తర్వాత చెప్పారు: 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 19 ప్రకారం హక్కులు రాసివ్వాలంటే రాతలో ఉండాలి, మన సంతకం ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే 5 ఏళ్లు, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే అని లెక్క. కానీ ఆ కాగితంలో "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని శుభ్రంగా రాసిపెట్టారు. స్కానర్ యాప్ పనిచేయక నేను సంతకం పంపలేదు. నా తెలివి కాదు, యాప్ పుణ్యం.

సలహా అంటారా, ఏముంది. డబ్బు కట్టేముందు ఓ పది పేజీల నమూనా అడగండి, మీ పుస్తకానిదే, వేరేవాళ్లది కాదు. సంతకం ముందు ఎవరికైనా చదివించండి. నేను 1915కి ఫోన్ చేసి వినియోగదారుల ఫిర్యాదు పెట్టా, ఏమవుతుందో కింద రాస్తా. నిన్నటి నుంచి ఆ పేజీలో నన్ను బ్లాక్ చేశారు, కాబట్టి లైవులో ఈ సంగతి అడగగలిగినవాళ్లు ఎవరైనా అడగండి, టామీ ఎవరు సార్ అని.

చివరగా, ఇది చదువుతున్నవాళ్లలో మూడు నెలల కుక్కపిల్ల, గోధుమరంగు, చెవులు వేలాడుతుంటాయి, అలాంటి కథ ఆ పేజీకి ఇచ్చినవాళ్లు ఉంటే నాకు మెసేజ్ చెయ్యండి. మీ స్క్రిప్టు నా దగ్గరుంది. నా గొడుగు మీ దగ్గరికేమైనా వచ్చిందేమో కూడా ఒకసారి చూడండి. ఆ పశువుల ఆసుపత్రి సీను మీరే రాసుంటే మాత్రం, కుక్కతో చదువుకుంటే చాలా బాగుందండీ.