పోలీసుకు ఏది మేలు: వీక్లీ ఆఫా, కౌన్సెలింగా?

మా నాన్న విశాఖలో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. ఇప్పుడు తమ్ముడు ఇదే ఊళ్లో కానిస్టేబుల్. పోయిన నెల ఒక రాత్రి ఫోన్ చేసి, "అక్కా, నైట్ బీట్ దిగేసరికి ఐదవుతుంది. ఆరింటికి యోగా క్లాసుకి రమ్మన్నారు. వెళ్లనా, పడుకోనా?" అని అడిగాడు.

పడుకోమన్నాను.

యోగా చెడ్డదని కాదు. 2025 జూన్ 21న ప్రధాని వచ్చినప్పుడు ఆర్కే బీచ్‌లో ఎంతమంది చేశారో ఊరంతా చూసింది. నిద్ర చాలినవాడికి అది మంచిదే. నిద్ర లేనివాడికి మాత్రం అది ఇంకో డ్యూటీ అవుతుంది. అందుకే పోలీసు ఒత్తిడి తగ్గించే దారుల్లో, నా లెక్కలో యోగా చివరిది.

ముందుండేది వీక్లీ ఆఫ్. మన రాష్ట్రంలో 2019లో మొదలుపెట్టారు. కామన్ కాజ్ అనే స్వచ్ఛంద సంస్థ, సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థ కలిసి దేశంలోని పోలీసుల మీద చేసిన అధ్యయనం కూడా ఆ ఏడాదే వచ్చింది. పోలీసులు సగటున రోజుకు 14 గంటలు పనిచేస్తున్నారని, దాదాపు ఇద్దరిలో ఒకరికి వారపు సెలవే దొరకడం లేదని అందులో తేలింది. విశాఖలో స్టేషన్ పనికి తోడు బందోబస్తులు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. సింహాచలం చందనోత్సవం, 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణ, నేవీ డే, మధ్యలో వీఐపీలు. పొద్దున నిలబడ్డవాడు రాత్రికి కూడా అక్కడే ఉంటాడు.

అయితే ఆఫ్‌లో కూడా రెండు రకాలున్నాయి. తమ్ముడు ఒకసారి పాపని బండి మీద కూర్చోబెట్టుకుని భీమిలి బయల్దేరాడు. రుషికొండ దాటాడో లేదో ఫోన్ వచ్చింది, వెనక్కి తిరిగాడు. ఆ తర్వాత రెండు మూడు ఆఫ్‌లు ఇంట్లోనే ఉన్నా, ఫోన్ చేతిలోంచి దించలేదు. ఎప్పుడు రద్దవుతుందో తెలియని సెలవులో ఒంటికి విశ్రాంతి దొరుకుతుందేమో గానీ మనసుకి దొరకదు. ఆఫ్ ఏ రోజో వారం ముందే రాసిపెట్టి, తప్పక పిలవాల్సి వస్తే బదులు ఏ రోజిస్తారో అదే ఫోన్‌లో చెబితే చాలు, సగం టెన్షన్ తగ్గుతుంది.

మరి కౌన్సెలింగ్ ఎప్పుడు? ఇది నాకు నాన్న దగ్గరే తెలిసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఆయన నాలుగు రోజులు ఇంటికి రాలేదు. వచ్చాక ఒక పగలు, ఒక రాత్రి నిద్రపోయి లేచి, అమ్మని చేపల పులుసు పెట్టమన్నారు. అది అలసట, నిద్రతో పోయింది. తర్వాతి ఏడాది హైవే మీద యాక్సిడెంట్ జరిగితే, చనిపోయిన ఒక చిన్నపిల్లని ఆయనే ఎత్తాల్సి వచ్చింది. పది రోజులు సెలవు పెట్టారు. సెలవులో ఇంకా కుంగిపోయారు. అన్నం కలిపి అలాగే చూస్తూ కూర్చునేవారు. "ఏటైనాదండీ" అని అమ్మ అడిగితే "ఏం లేదు" అనేవారు. ఆ "ఏం లేదు" దాదాపు ఏడాది నడిచింది. మాకు అప్పుడు తెలియదు. ఇప్పుడైతే, ఆఫ్ ఇచ్చినా మనిషి తేరుకోక, రెండు వారాలు అలాగే ఉంటే ఇంకో సెలవు కోసం చూడను, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాను.

ఎవరి దగ్గరికి అన్నది అసలు చిక్కు. డిపార్ట్‌మెంట్ పెట్టే కౌన్సెలర్ అయితే ఖర్చుండదు, డ్యూటీ కష్టం విడమరిచి చెప్పక్కర్లేదు. కానీ "సీఐ గారికి తెలిస్తే?", "లూప్‌లైన్‌లో (ప్రాధాన్యం లేని పోస్టులో) పడేస్తారా?" అన్న భయంతో నోరు పెగలదు. బయటి డాక్టర్‌కి చెప్పుకున్నది గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెబుతోంది. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అయితే దిక్కులేక రోడ్ల మీద తిరిగే మానసిక రోగులను అక్కడికి తీసుకెళ్లేది పోలీసులే. అదే గేటులోంచి తాను రోగిగా లోపలికి వెళ్లడం నాన్నలాంటివాళ్లకి ఎంత బరువో నాకు తెలుసు. నలుగురి కంటా పడతానన్న భయముంటే ఊళ్లో ఇంకే సైకియాట్రిస్ట్ దగ్గరికైనా వెళ్లొచ్చు. పని ఒత్తిడి గురించి మాట్లాడుకోవడానికి డిపార్ట్‌మెంట్ కౌన్సెలర్ చాలు. నిద్ర, తిండి, తాగుడు దాకా వస్తే మాత్రం బయటి డాక్టరే మేలంటాను.

గేటు దాకా వెళ్లలేనివాళ్లకి టెలీమానస్ ఉంది, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైన్, నంబర్ 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది. ఉచితం, ఇరవైనాలుగు గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. రాత్రి రెండింటికి, బీట్ మధ్యలో, ఎవరికీ తెలియకుండా చేయొచ్చు. వైద్యమంతా అక్కడే అయిపోదు గానీ, మొదటి మాట బయటపడటానికి ఇంతకంటే తేలికైన దారి నాకు కనబడలేదు.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ బేరీజులు పనికిరావు. చనిపోతానన్న మాట నోట వస్తే, లేదా ఆ ఆలోచన ఉందని అనుమానం వచ్చినా, గోప్యత గురించి ఆలోచించకుండా నమ్మకమున్న పై ఆఫీసర్‌కి చెప్పి, తుపాకీ ఉండే డ్యూటీ తప్పించాలి. మనిషిని ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టర్‌కి చూపించాలి. అది శిక్షలా కనిపించకుండా చూడటం ఆ ఆఫీసర్ బాధ్యత.

తమ్ముడు ఆ ఉదయం క్లాసుకి వెళ్లలేదు, మెమో కూడా రాలేదు. మరదలు ఫ్రిజ్ మీద గ్యాస్ బుకింగ్ నంబర్ కింద 14416 రాసిపెట్టింది. మొన్న ఆదివారం నాన్న వెళ్లి అది చూసి, ఇది ఎవరి నంబరని అడిగారట. చెప్పింది. ఆయన కాసేపు అక్కడే నిలబడి, కళ్లజోడు పెట్టుకుని, తన ఫోన్‌లో ఎక్కించుకున్నారట.