తెల్లవారుజామున తెర మీద తలారి: మారతహళ్ళిలో ఒక బాస్కెట్‌బాల్ ప్రదర్శన

బెంగళూరులో ఉంటూ అమెరికా బాస్కెట్‌బాల్ చూసేవారందరిదీ ఒకటే కష్టం. అక్కడ రాత్రి మొదలయ్యే ఆట ఇక్కడ ఉదయం ఆరింటికో ఆరున్నరకో మొదలవుతుంది. ఆటలో చివరిదైన నాలుగో క్వార్టర్ రసకందాయంలో పడే వేళకు ఆఫీసు క్యాబ్ వచ్చి గేటు ముందు నిలబడుతుంది. అందువల్ల మాలాంటివాళ్ళం మధ్యాహ్న భోజనాల వేళ పది నిమిషాల హైలైట్స్ చూసి, ఆ పది నిమిషాల బలంతోనే గంటల తరబడి వాదించుకుంటాం. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో సీజన్ చివర టైటిల్ కోసం జరిగే 2025 ప్లేఆఫ్స్‌లో అలాంటి వాదన ఒకటి మా ఇంట్లో ముదిరి పాకాన పడటంతో, దాన్ని తేల్చుకోవడానికి నేనూ మా బావమరిదీ మారతహళ్ళిలో పూర్తి ఆటను పెద్ద తెర మీద చూపించే ఒక కెఫేకు రెండు ఉదయాలు వెళ్ళాం. ఉన్నవే ముప్పై అయిదు కుర్చీలు కాబట్టి పేరు రాయవద్దని యజమాని కోరారు. ఔటర్ రింగ్ రోడ్డు నుంచి లోపలికి వెళ్ళే సందులో, మందుల దుకాణం పై అంతస్తులో ఉంటుందని మాత్రం చెప్పగలను.

వాదన స్టీవెన్ ఆడమ్స్ గురించి. రింగు దగ్గర ఆడే ఈ న్యూజిలాండ్ సెంటర్ 2013లో లీగ్‌లోకి వచ్చాడు. మోకాలి గాయం వల్ల 2023-24 సీజన్ మొత్తం ఆడలేకపోయాడు; ఆ విశ్రాంతిలో ఉండగానే అప్పటి అతని జట్టు మెంఫిస్ అతన్ని హ్యూస్టన్ రాకెట్స్‌కు ఇచ్చేసింది. మరుసటి సీజన్‌లో హ్యూస్టన్ 52 ఆటలు గెలిచి పశ్చిమ విభాగంలో రెండో స్థానంలో నిలిచినా, అందులో అతను ఆడింది సగటున ఆటకు 14 నిమిషాలైనా లేదు. "జట్టుకు కండబలం కావాలని ఇంకా ఇలాంటివాళ్ళను పోషించడం దండగ బావా, ఇప్పుడు కోర్టులో కొట్లాటలే లేనప్పుడు కొట్లాటకు మనిషెందుకు?" అన్నది మా బావమరిది పక్షం. ఆ మనిషి చేసే పని హైలైట్స్‌లో కనిపించదని నేనన్నాను కానీ, నేను చూస్తున్నదీ ఆ హైలైట్సే కావడంతో నా మాటకు పస లేకపోయింది.

అతని ప్రశ్న కొట్టిపారేయదగినది కాదు. జట్టులోని ముఖ్య ఆటగాడి మీద ఎవరైనా చెయ్యి వేస్తే వాడి సంగతి చూసుకోవడానికి ఒక మనిషిని ఉంచుకోవడం, అతన్ని ఎన్‌ఫోర్సర్ అనడం అక్కడ పాత ఆచారం. చికాగోలో జోర్డన్‌కు చార్లెస్ ఓక్లీ అలాంటి అండ. అయినా 1988లో ఓక్లీని న్యూయార్క్‌కు ఇచ్చేసిన మూడేళ్ళకే చికాగో తన తొలి టైటిల్ గెలిచింది. 1990-91లో అనవసరపు దెబ్బలకు శిక్ష వేసే ఫ్లాగ్రెంట్ ఫౌల్ నిబంధన వచ్చాక ఇలాంటివారి చేతులకు సంకెళ్ళు పడుతూ వచ్చాయి. ఇప్పుడు సీజన్‌లో పదహారో టెక్నికల్ ఫౌల్‌కు (దురుసు ప్రవర్తనకు వేసేది), ప్లేఆఫ్స్‌లో అయితే ఏడో దానికే ఒక ఆట నిషేధం తప్పదు. 2016 ఫైనల్స్‌లో గోల్డెన్ స్టేట్ 3-1 ఆధిక్యంలో ఉండగా ఆ జట్టు ఆటగాడు డ్రేమాండ్ గ్రీన్ ఫ్లాగ్రెంట్ ఫౌళ్ళకు పడే పాయింట్లు హద్దు దాటి అయిదో ఆటకు దూరమయ్యాడు. ఆ ఆటతో మొదలుపెట్టి క్లీవ్‌లాండ్ వరుసగా మూడూ గెలిచి టైటిల్ ఎత్తుకుపోయింది. భయపెట్టడమే ఉద్యోగమైతే ఆ ఉద్యోగం ఎప్పుడో రద్దయిందన్న మాటను నేనూ ఒప్పుకుంటాను.

ఇక కెఫే సంగతి. మనిషికి 250 రూపాయలు. అందులోనే ఒక టిఫిన్, రెండు కాఫీలు. ఉదయం అయిదున్నరకే తలుపు తీస్తారు, ఆ వేళకే గిన్నెలో ఖారాబాత్ పొగలు కక్కుతూ ఉంటుంది. వడ్డించే అబ్బాయి కన్నడంలో అడిగితే సగం మంది తెలుగులో జవాబు చెబుతారు, అతనూ దానికి అలవాటు పడిపోయాడు. గోడంతా పరచుకున్న తెర మీద బొమ్మ స్పష్టంగా ఉంది. గది మధ్యలో ఒక స్తంభం మాత్రం కుడివైపు కూర్చున్న పది మందికి ఒక రింగును పూర్తిగా మింగేస్తుంది, అయినా ఆ కుర్చీలకూ అదే ధర వసూలు చేస్తున్నారు. ఇది అన్యాయమని యజమానితోనే అన్నాను, నవ్వి ఊరుకున్నారు.

మేము మొదట వెళ్ళింది శనివారం, శాన్‌ఫ్రాన్సిస్కోలో హ్యూస్టన్, గోల్డెన్ స్టేట్ మధ్య జరిగిన ఆరో ఆటకు. ముందుగా నాలుగు ఆటలు గెలిచినవారిదే అయిన ఆ సిరీస్‌లో గోల్డెన్ స్టేట్ 3-1తో ముందుండగా హ్యూస్టన్ అయిదో ఆట గెలిచి ఊపిరి నిలుపుకుంది. మా వరుసలో డెబ్బై ఏళ్ళ పెద్దాయన ఒకరున్నారు. గుంతకల్లులో రైల్వే ఉద్యోగం చేసి, అక్కడి జట్టుకు సెంటర్‌గా ఆడి, ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో కూతురి దగ్గర ఉంటున్నారు. నేను బంతి వెంట కళ్ళు పరుగెత్తిస్తుండటం గమనించి, "బంతిని వదిలేయప్పా, ఆ గడ్డపాయన కాళ్ళు చూడు" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు వేరే ఆట కనిపించడం మొదలైంది.

హ్యూస్టన్ ఆటగాడు ఫ్రెడ్ వాన్‌వ్లీట్ బంతితో పైకి వచ్చేసరికి ఆడమ్స్ వచ్చి రెండు పాదాలూ భుజాల వెడల్పున నాటి, చేతులు పొట్ట మీద కట్టుకుని స్తంభంలా నిలబడతాడు. వాన్‌వ్లీట్ అతని తుంటిని రాసుకుంటూ వెళతాడు. వెంటపడి వస్తున్న డిఫెండర్ నేరుగా ఆ ఛాతీకి తగిలి అర సెకను ఆగిపోతాడు. వాన్‌వ్లీట్ షాట్‌కు ఆ అర సెకను చాలు. ఆ ఉదయం అతను 29 పాయింట్లు చేశాడు. దీన్ని స్క్రీన్ అంటారు. (కెఫే గోడ మీదున్న దాన్ని నేను మొదటి నుంచీ తెర అంటున్నది ఈ తికమక రాకూడదనే.) రెండో పని ఇంతకన్నా మరుగున ఉంటుంది. షాట్ గాల్లోకి లేవగానే అందరూ తలెత్తి బంతిని చూస్తుంటే, ఆడమ్స్ మాత్రం ప్రత్యర్థికి వీపు ఆనించి, మోకాళ్ళు వంచి, అతన్ని అంగుళం అంగుళంగా రింగు కింద నుంచి బయటికి నెడతాడు, తానసలు ఎగరడు. బంతి వచ్చి పక్కనున్న సహచరుడు అల్పెరెన్ షెంగూన్ చేతుల్లో పడుతుంది, స్కోర్‌కార్డులో రీబౌండ్ (తప్పిన షాట్ బంతిని అందుకోవడం) షెంగూన్ పేరనే పడుతుంది. ఆ రోజు షెంగూన్ పేరన 14 ఉన్నాయి.

కెఫే వారి సేవలో నాకు బాగా నచ్చినది ఇక్కడే వచ్చింది. పదిహేను నిమిషాల విరామంలో ప్రకటనలు నడిపించకుండా, ఎవరు ఏ సందర్భం అడిగితే దాన్ని వెనక్కి తిప్పి నెమ్మదిగా చూపిస్తారు. పెద్దాయన రెండు స్క్రీన్లూ ఒక రీబౌండూ అడిగారు. లేచి తెర దగ్గరకు వెళ్ళి, చేతికర్రతో ఆడమ్స్ మడమలను చూపిస్తూ ఆయన వివరిస్తుంటే మా బావమరిది కాఫీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. "ఊరికి తలారి ఉంటే దొంగను పట్టిన రోజునే వాని పేరు చెప్పుకుంటారు, దొంగ రాని రోజుకు లెక్క ఎవరు కడతారు?" అన్నారాయన. ఇక నుంచి ఎన్‌ఫోర్సర్‌ను నేనూ తలారి అనే అంటాను.

కెఫేలో అన్నిటికన్నా పెద్ద లోపం బయటపడింది కూడా ఆ రోజే. గోల్డెన్ స్టేట్‌కు దారి దొరకక, బంతితో సంబంధం లేకుండా ఆడమ్స్‌నే కావాలని ఫౌల్ చేయడం మొదలుపెట్టింది. ఫౌల్ జరిగాక ఎవరూ అడ్డుకోకుండా వేసే ఫ్రీ త్రోలు అతనికి చేతకావని లోకానికంతా తెలుసు. క్వార్టర్ చివరి రెండు నిమిషాల్లో అలా చేస్తే ఒక ఫ్రీ త్రోతో పాటు బంతి కూడా ఎదుటి జట్టుకే పోతుంది కాబట్టి ఈ ఎత్తు అంతకు ముందే వేయాలి. అతను 16 వేసి 9 సాధించాడు. ఆ ఫ్రీ త్రోల వరుస మధ్యలోనే ఇంటర్నెట్ ఆగి తెర నల్లబడిపోయి, రెండు నిమిషాల పాటు ముప్పై అయిదు మందిమీ ఎవరి ఫోన్లలో వాళ్ళం స్కోరు వెతుక్కున్నాం. డబ్బు తీసుకునేవారు రెండో కనెక్షన్ సిద్ధంగా ఉంచుకోవద్దా? చివరకు హ్యూస్టన్ 115-107తో గెలిచింది. ఆడమ్స్ 31 నిమిషాలు ఆడి 17 పాయింట్లు చేశాడు. సీజన్‌లో అతను ఆడిన సగటుకు అది రెట్టింపు కన్నా ఎక్కువ సమయం. రింగు కింద అతన్నీ షెంగూన్‌నూ ఒకేసారి నిలబెట్టి జోన్ డిఫెన్స్ (ఒక్కొక్కరు కోర్టులో ఒక్కో భాగాన్ని కాచే పద్ధతి) ఆడిస్తే లోపలికి చొరబడేవారికి సందు దొరకడం లేదు.

ఆట అయ్యాక రెండో కాఫీ మీద (ఇది ప్రతిసారీ చల్లారిపోయే వస్తుంది) పెద్దాయన 2010 ఫైనల్స్ ఏడో ఆటను ఎత్తారు. ఆరో ఆటలో బోస్టన్ సెంటర్ కెండ్రిక్ పెర్కిన్స్ మోకాలు దెబ్బతింది. అతను పాయింట్ల కోసం పెట్టుకున్న మనిషి కాదు. అతను లేని ఏడో ఆటలో లేకర్స్ ముఖ్య ఆటగాడు కోబీ బ్రయంట్ 24 షాట్లు వేసి ఆరే సాధించినా లేకర్స్ 83-79తో టైటిల్ గెలిచింది, ఎందుకంటే ఆ జట్టుకు 53 రీబౌండ్లు వస్తే బోస్టన్‌కు 40 వచ్చాయి, ఆ 53లో 23 లేకర్స్ తమ షాటే తప్పినప్పుడు మళ్ళీ లాక్కున్నవి. తలారి విలువ తెలియాలంటే అతను లేని రాత్రిని చూడాలనడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం నాకు తెలియదు. అయితే అదే పెర్కిన్స్ రెండేళ్ళ తర్వాత ఓక్లహోమా సిటీ తరఫున ఫైనల్స్‌కు వచ్చినప్పుడు, మయామీ చిన్న ఆటగాళ్ళతో వేగంగా ఆడేసరికి వెంట పరుగెత్తలేక తేలిపోయాడని మా బావమరిది గుర్తు చేశాడు. ఆ మాటకు జవాబు మా బల్ల దగ్గర ఎవరి వద్దా లేకపోయింది.

నేను పి.జె. టక్కర్ పేరు ఎత్తాను. 2021లో మిల్వాకీ టైటిల్ గెలిచినప్పుడు అతనికి 36 ఏళ్ళు. బ్రూక్లిన్‌తో సిరీస్‌లో ఆ జట్టు ముఖ్య ఆటగాడు కెవిన్ డ్యురాంట్‌ను ఒంటితో ఒరుసుకుంటూ వదలకుండా అంటిపెట్టుకున్నాడు. ఏడో ఆటలో డ్యురాంట్ 48 పాయింట్లు చేసిన మాట నిజమే కానీ, ఓవర్‌టైమ్‌తో కలిపి 53 నిమిషాలూ ఆడవలసి వచ్చిన మనిషికి చివరికి కాళ్ళు సహకరించలేదు. టక్కర్ విషయంలో అసలు గమనించవలసినది వేరే ఉంది: మూలలో నిలబడి త్రీ పాయింటర్ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) వేయగలడు, కాబట్టి అతన్ని కోర్టులో ఉంచితే ఎదుటి జట్టు డిఫెండర్‌ను అతని దగ్గర వదలక తప్పదు. కండబలంతో పాటు కోర్టులో చేయగల పని ఒకటైనా చేతిలో ఉండాలి. 2023 ఫైనల్స్‌లో, 43వ పుట్టినరోజుకు రెండు రోజుల ముందు, అర నిమిషం ఆడిన మయామీ యూడోనిస్ హాస్లెమ్‌ను కొందరు ఇదే జాబితాలో చేరుస్తారు. ఆయనది డ్రెస్సింగ్ రూమ్ పెద్దరికం, అది వేరే సంగతి.

సోమవారం ఉదయం ఏడో ఆటకు గది కిటకిటలాడింది. మేము ఆఫీసుకు ఆలస్యంగా వస్తామని ముందు రోజే సందేశాలు పెట్టుకున్నాం. ఆట మాత్రం మాకు అనుకూలంగా సాగలేదు. రింగు చుట్టూ ఎన్ని గోడలు కట్టినా, 23 అడుగుల 9 అంగుళాల దూరాన ఉన్న గీత అవతల నుంచి గోల్డెన్ స్టేట్ ఆటగాడు బడ్డీ హీల్డ్ తొమ్మిది త్రీ పాయింటర్లు వేసి 33 పాయింట్లు చేశాడు. 103-89తో గోల్డెన్ స్టేట్ ముందుకు వెళ్ళింది. అవతలి వైపున్న 35 ఏళ్ళ గ్రీన్ కూడా తలారే కదా. అయితే అతను నోటితో, కాళ్ళతో, ఎవరు ఎక్కడికి జరగాలో చెబుతూ డిఫెన్స్ మొత్తాన్ని నడిపించే రకం; ఆ సీజన్ ఉత్తమ డిఫెండర్ ఓటింగులో మూడో స్థానంలో నిలిచాడు. ఆ ఉదయం ఇద్దరు తలారుల్లో పరుగెత్తగలిగినవాడి జట్టు గెలిచిందని నాకనిపించింది.

ఆడమ్స్ విషయంలో నా తీర్పు ఇది: టైటిల్‌కు పోటీపడే జట్టుకు ఇతను ఇప్పటికీ పనికొస్తాడు, ఆటకు 15 నుంచి 20 నిమిషాల వరకు, ఎదుటివారు బయటి నుంచి వేస్తున్న షాట్లు తప్పుతున్నంత వరకు. అవి పడటం మొదలైతే అతన్ని కూర్చోబెట్టే ధైర్యం కోచ్‌కు ఉండాలి. మా బావమరిది పూర్తిగా ఒప్పుకోలేదు కానీ "దండగ" అన్న మాట వెనక్కి తీసుకున్నాడు. కొన్ని వారాలకే హ్యూస్టన్ ఆడమ్స్ ఒప్పందాన్ని మూడేళ్ళకు పొడిగించింది.

కెఫేకు వెళ్ళదలచినవారికి: ఎడమవైపు రెండో వరుసలో గోడ పక్క కుర్చీలు అడగండి. అక్కడి నుంచి స్తంభం అడ్డం రాదు, బంతి లేని వైపు ఏం జరుగుతోందో కూడా కనిపిస్తుంది. కాఫీ ముందే తెప్పించుకోండి. ఆ వరుసలో చివరి కుర్చీ మాత్రం పెద్దాయనది. కుడి మోకాలు చాపుకోవడానికి ఆయనకు ఆ పక్కన ఖాళీ కావాలి.