గోదావరి డెల్టాలో కల్లు మేలా, బీరు మేలా?

పండుగకు అల్లుళ్ళు దిగినప్పుడు, దాళ్వా (రబీ వరి) కోత ముగిసి ధాన్యం మిల్లుకు చేరినప్పుడు, రొయ్యల చెరువు పట్టుబడి అయ్యి లెక్కలు తేలినప్పుడు, అమలాపురం నుంచి భీమవరం దాకా చాలా ఊళ్ళలో వినిపించే ప్రశ్న ఒకటుంది: కల్లు చెప్పిద్దామా, బీర్లు తెప్పిద్దామా? చాలామంది దీనిని రుచికీ డబ్బుకూ సంబంధించిన విషయంగా చూస్తారు. నా దృష్టిలో ఇది మొదట వేళకు, ఆ తరువాత కొలతకు సంబంధించిన విషయం. ఉదయానికి కల్లు మేలు, సాయంత్రానికి లైట్ బీరు మేలు, స్ట్రాంగ్ బీరు ఏ వేళకూ మేలు కాదు. ఇలా ఎందుకు అంటున్నానో వివరిస్తాను.

తాటికల్లు గొప్పతనమంతా దాని తాజాదనంలోనే ఉంది. గీత కార్మికుడు మోకు వేసుకుని చెట్టెక్కి, పూగెల కొసను పదునైన కత్తితో పలుచని పొరగా కోసి, దాని కింద కుండ కడతాడు. ఆ కోతను ఉదయం, సాయంత్రం కొత్తగా తెరవకపోతే కొస ఎండిపోయి రసం కారడం ఆగిపోతుంది కనుక, పండుగైనా జ్వరమైనా అతనికి చెట్టు తప్పదు. కారే రసంలో నీటి తరువాత ఎక్కువగా ఉండేది చక్కెర. గాలిలో ఉన్న ఈస్టు, నిన్నటి కుండ గోడలకు అంటుకుని మిగిలిన ఈస్టు, వాటితో పాటు జైమోమోనాస్ అనే బాక్టీరియా, రసం కుండలో పడుతుండగానే ఆ చక్కెరను ఆల్కహాల్‌గా మార్చడం మొదలుపెడతాయి. అందుకే తెల్లవారుజామున దించిన కుండలో తీపి ముందుండి చురుకు వెనుక ఉంటుంది. ఎండెక్కే కొద్దీ నురగ, ఘాటు పెరుగుతాయి, మధ్యాహ్నం దాటాక పులుపు తిరుగుతుంది, మరునాటికి వెనిగర్ వాసన కొడుతుంది. ఒకే కుండలోని కల్లు పొద్దుటికీ సాయంత్రానికీ రెండు వేర్వేరు పానీయాలవుతుంది.

పొలం గట్టు మీద, చెట్టు నీడలోనే తాగితే దాని అసలు రుచి తెలుస్తుంది. తాటాకు మడిచి చేసిన దొప్పలో పోసిన కల్లు, పాలు కలిపిన నీళ్ళ రంగులో ఉండి, అంచుల వెంట సన్నటి బుడగలు లేస్తూ ఉంటుంది. పైకి తేలిన చీమనో, పూగెల నలుసునో ఊది పక్కకు తోసి, దొప్ప కొసను పెదవికి ఆనించి, పచ్చి ఆకు వాసనతో కలిపి తాగాలి. అదే కల్లును ప్లాస్టిక్ సీసాలో పట్టించి, మూత బిగించి, ఎండలో మోటారు సైకిలు మీద ఇంటికి తెస్తే దారిలోనే పులిసి, వాయువు పట్టి, మూత తీయగానే సగం నేల పాలవుతుంది. బంధువుల కోసం సాయంత్రానికని ఉదయమే కల్లు తెప్పించి దాచేవారు తాజాదనాన్ని పోగొట్టుకుని ఘాటును మాత్రం మిగుల్చుకుంటున్నారు.

కల్లు విషయంలో రెండో షరతు నమ్మకం. క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, అల్ప్రాజోలం వంటి మత్తు మందులు కలిపిన కల్తీ కల్లు ప్రాణాలు తీస్తుంది. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో అలాంటి కల్లు తాగినవారిలో మరణాలు కూడా సంభవించాయి. నగరంలో చెట్టు కనబడదు, గీసిన మనిషి కనబడడు, కనబడేది దుకాణంలోని డ్రమ్ము మాత్రమే. డెల్టా పల్లెల్లో మనకున్న అదృష్టం, చెట్టూ మనిషీ ఇద్దరూ ఎదురుగా ఉండటం. ఆ అదృష్టాన్ని వదులుకుని, ఎక్కడిదో తెలియని కల్లు కొనడంలో అర్థం లేదు. మధ్యాహ్నం రెండు గంటలకు కూడా తియ్యగానే ఉన్న కల్లును తప్పక అనుమానించాలి, ఎందుకంటే సహజమైన కల్లు ఆ వేళకు అంత తియ్యగా ఉండదు.

ఇక బీరు. బార్లీ మొలకల మాల్టు, హాప్స్ పూలు, ఈస్టు, నీరు దాని మూలం. మన దేశంలో చాలా లాగర్ బీర్లలో వీటికి తోడు బియ్యపు రేకులు కూడా వాడతారు. కల్లు పుట్టే చోటే తాగవలసిన పానీయమైతే, బీరు దూరం ప్రయాణించడానికి తయారైన పానీయం. వడకట్టి, సీసాలో వేడిచేసి సూక్ష్మజీవులను చంపుతారు కనుక సంక్రాంతికి తాగినా, రోహిణి కార్తెలో తాగినా దాని రుచి ఒకేలా ఉండాలి. ఉండాలి అని ఎందుకంటున్నానంటే, మన ఎండలు, మన గోదాములు ఆ మాటను నిలబడనివ్వవు. వేడిలో నెలల తరబడి ఉన్న బీరు అట్టముక్క నానిన రుచికి వస్తుంది. వెలుతురు తగిలితే హాప్స్‌లోని చేదు పదార్థాలు విడిపోయి ఒక రకమైన చెడు వాసన పుడుతుంది, గోధుమరంగు సీసా వాడేది దానిని అడ్డుకోవడానికే. కాబట్టి దుకాణం ముందు వరుసలో, ఎండ పొడ పడేచోట నిలబెట్టిన సీసా ఎంత చల్లగా ఉన్నా వద్దనాలి, లేబులు మీద తయారీ తేదీ చూసి తీసుకోవాలి. ఇంటికి తెచ్చాక తొందరపడి ఫ్రీజర్‌లో పెట్టి మరచిపోతే, లోపలి నీరు గడ్డకట్టి వ్యాకోచించి సీసా పగులుతుంది. బకెట్‌లో ఐసు ముక్కలు, నీళ్ళు పోసి, గుప్పెడు ఉప్పు వేసి, సీసాలను మెడ దాకా ముంచితే ఫ్రిజ్ కంటే త్వరగా చల్లబడతాయి.

అసలు విషయం కొలత దగ్గర ఉంది, నేను ఎక్కువ పట్టించుకునేది కూడా దీనినే. మన దేశపు నిబంధనల ప్రకారం 5 శాతం దాకా ఆల్కహాల్ ఉన్నది లైట్ బీరు, 5 దాటి 8 శాతం దాకా ఉన్నది స్ట్రాంగ్ బీరు. 650 మిల్లీలీటర్ల పెద్ద సీసా తీసుకుంటే, 5 శాతం బీరులో 32.5 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాల్ ఉంటుంది, 8 శాతం బీరులో 52 మిల్లీలీటర్లు ఉంటుంది. 42.8 శాతం ఉండే విస్కీ 60 మిల్లీలీటర్ల పెగ్గులు రెండు తాగితే ఒంట్లోకి వెళ్ళేది సుమారు 51 మిల్లీలీటర్లు. అంటే "నేను మందు ముట్టను, బీరే" అని చెప్పి ఒక స్ట్రాంగ్ సీసా ఖాళీ చేసినవాడు రెండు పెద్ద పెగ్గులు వేసుకున్నట్టే. రెండు సీసాలు తాగితే, 180 మిల్లీలీటర్ల క్వార్టరు సీసా విస్కీలో ఉండే 77 మిల్లీలీటర్ల ఆల్కహాల్‌ను దాటి 104కు చేరుతుంది. ఇంట్లో ఆడవాళ్ళు "బీరే కదా" అని ఊరుకునేది ఈ లెక్క తెలియకనే, మగవాళ్ళు చెప్పకుండా ఉండేది తమకూ తెలియకనో, తెలిసో.

కల్లుకు లేబులు లేదు. చక్కగా పులిసిన తాటికల్లులో ఆల్కహాల్ ఇంచుమించు 4, 5 శాతం ఉంటుంది కనుక లీటరు కల్లు ఒక పెద్ద స్ట్రాంగ్ బీరు సీసాకు దాదాపు దగ్గరగా వస్తుంది. కల్లును ఎవరూ అరలీటరుతో ఆపరు, తియ్యగా ఉన్నప్పుడైతే అసలే ఆపరు. పొద్దున్నే తాగిన కల్లు తేలిక అనే పేరు కొంతవరకు నిజమే, ఎందుకంటే అప్పటికి చక్కెర పూర్తిగా మారి ఉండదు. అయితే తాగే మోతాదు ఆ తేలికదనాన్ని తినేస్తుంది. సగటు మనిషి కాలేయం గంటకు సుమారు 10 మిల్లీలీటర్ల ఆల్కహాల్‌ను మాత్రమే వదిలించగలదు. లైట్ బీరు ఒక సీసాకు మూడు గంటలకు పైన, స్ట్రాంగ్ సీసాకు అయిదు గంటలు పడుతుంది. రాత్రి పదింటికి రెండో స్ట్రాంగ్ సీసా ముగించినవాడు, తెల్లవారి అయిదింటికి చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు చూడటానికో, కొబ్బరి దింపు పనికో, బస్సు డ్యూటీకో వెళ్ళేటప్పటికి ఇంకా తేరుకుని ఉండడు. కొబ్బరి చెట్టెక్కే మనిషి విషయంలో ఇది రుచుల చర్చ కాదు, ప్రాణాల చర్చ.

కాలువ గట్ల మీది రోడ్ల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ధవళేశ్వరం నుంచి దిగే కాలువల వెంట మన రోడ్లు ఒక పక్క నీటిని ఒరుసుకుంటూ పోతాయి, చాలాచోట్ల అడ్డుగోడ ఉండదు. చట్టం ప్రకారం వాహనం నడిపేవాడి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే నేరం, మొదటిసారి పట్టుబడితే 10,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు లేదా రెండూ. కల్లుకు గట్టు మీదికి వెళ్ళినవాళ్ళు తిరిగి రావాలి, బీరు ఇంటికే వస్తుంది. ఈ ఒక్క విషయంలో బీరుదే పైచేయి అని ఒప్పుకోవాలి.

తిండి విషయంలో నాకు సందేహం లేదు. రొయ్యల వేపుడు, పీతల వేపుడు, నూనె ఓడే చికెన్ పకోడీ పక్కన చల్లటి లైట్ బీరు చేదు నాలుకను కడిగేస్తుంది. ఎండు నెత్తళ్ళు, కారంగా వండిన నాటుకోడి, ఉప్పు మిరియాలు చల్లిన శనగ గుగ్గిళ్ళు కల్లు తీపికీ పులుపుకీ సరిపోతాయి. పులస పులుసును మాత్రం దేనితోనూ కలపకూడదు. వరద నీళ్ళతో అది వచ్చే నెలల్లో తాటికల్లు ఎటూ దొరకదు, చింతపండు పులుపు మీద బీరు చేదు పడితే అంత ఖరీదైన చేప రుచి మట్టికొట్టుకుపోతుంది.

ఖర్చు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, చెట్టు దగ్గర కల్లు బీరు కంటే ఎప్పుడూ చవకే. యానాంలో బీరు చవక అని పరుగెత్తేవారు గుర్తుంచుకోవలసింది ఒకటుంది: అది 1954 దాకా ఫ్రెంచివారి చేతిలో ఉండి నేడు పుదుచ్చేరిలో భాగమైన ఊరు, అక్కడి పన్నులు వేరు, తాగడానికి కనీస వయసు అక్కడ 18, మన రాష్ట్రంలో 21. అక్కడి సీసాలను ఇటు దాటించి చెక్‌పోస్టులో కేసు పెట్టించుకోవడం ఏ పొదుపూ కాదు.

కుటుంబం మధ్య ఏది బాగుంటుందన్నది కొంచెం సున్నితమైన ప్రశ్న. "తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు" అనే మాట ఇంకా మన ఊళ్ళలో పని చేస్తూనే ఉంది, దాని బరువు మగవాళ్ళ కంటే ఆడవాళ్ళ మీదే ఎక్కువ పడుతుంది. పొలం గట్టు మగవాళ్ళ చోటు అయిపోయింది. మేడ మీద చాపలు పరిచి, అందరూ తినే పళ్ళెం మధ్యలో పెట్టి, మామగారికీ అల్లుడికీ గ్లాసుల్లో లైట్ బీరు పోసి, పిల్లలకు గోలీ సోడా ఇచ్చి కూర్చుంటే మాటలు సాగుతాయి. ఇద్దరికి ఒక పెద్ద సీసా చొప్పున పోస్తే తలకు 16 మిల్లీలీటర్ల ఆల్కహాల్ మాత్రమే పడుతుంది, ఎవరి గొంతూ పెరగదు. పెద్దల ముందు తాగడం తప్పని భావించే ఇంట్లో ఆ పట్టింపును గౌరవించాలి, "ఒక్క గుక్క, ఏం కాదు బావా" అని బలవంతపెట్టడం మర్యాద కాదు. తాగుడు వల్ల ఒకరిని పోగొట్టుకున్న ఇంట్లో, తాగుడు మానడానికి కష్టపడుతున్న మనిషి ఉన్న ఇంట్లో ఈ రెండూ గుమ్మం దాటి లోపలికి రాకూడదు. సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది కనుక, వద్దన్నవారిని మెచ్చుకోవాలే తప్ప ఎగతాళి చేయకూడదు.

ఇన్ని లెక్కలు వేసినా, కల్లు వైపు నా మనసు మొగ్గడానికి ఇంకొక కారణం ఉంది. బీరు డబ్బు కర్మాగారానికీ పన్నులకూ పోతుంది, కల్లు డబ్బు అదే ఊళ్ళో ప్రాణాలకు తెగించి చెట్టెక్కే మనిషి చేతికి వెళుతుంది. చేపల చెరువులు తవ్విన చోటల్లా గట్ల మీది తాడిచెట్లు నేలకొరిగాయి, ఎక్కేవారి కొడుకులు వేరే పనులకు వెళ్ళిపోయారు. రాష్ట్ర ప్రభుత్వం మద్యం దుకాణాలలో 10 శాతం గీత కులాలకు కేటాయించడం మంచిదే, కానీ దుకాణం నడపడం వేరు, చెట్టును బతికించుకోవడం వేరు. ఊళ్ళో పదిమంది ఉదయాన్నే న్యాయమైన ధర ఇచ్చి ఒక్కొక్క దొప్ప తాగితే ఆ చెట్టుకు నరికేవాడి గొడ్డలి కొన్నాళ్ళు దూరమవుతుంది.

మత్తు అక్కరలేని వారికి ఇదే చెట్టు నీరా ఇస్తుంది. కుండ లోపలి గోడలకు సున్నం పూస్తే పులియడం బాగా నెమ్మదిస్తుంది కనుక, పొద్దున దించేసరికి రసం తియ్యగానే ఉంటుంది, ఇంట్లో ముసలివాళ్ళ నుంచి పిల్లల దాకా తాగవచ్చు, చక్కెర వ్యాధి ఉన్నవారు తప్ప. అయితే మామూలు కుండ దించాక అడిగితే నీరా రాదు. ముందు రోజు సాయంత్రమే గీసే మనిషికి చెప్పి, సున్నం పూసిన కుండ కట్టించుకోవాలి, దించిన గంట రెండు గంటల్లో తాగేయాలి.